మూడింట రెండు వంతులు

బెంజ్ సర్కిల్ దాటి పటమట వైపు నాలుగడుగులు వేస్తే, కళ్ళజోళ్ళ షాపు పక్కన సన్నటి మెట్లు కనపడతాయి. ఆ మెట్లెక్కితే రామతులసి కుట్టు కొట్టు. దానికి బోర్డు లేదు. పెట్టమని చాలామంది చెప్పి చూశారు. "తెలిసినవాళ్ళకి బోర్డు అక్కర్లేదండీ, తెలియనివాళ్ళ పని తీసుకునే తీరిక నాకు లేదు" అంటుంది. ఇంత పొగరు ఇంకో దర్జీకైతే ఏడాది తిరక్కుండా కొట్టు మూయించేది. రామతులసికి మాత్రం చెల్లింది. కూచిపూడి నాట్యం నేర్చుకునే పిల్లలకి ఆవిడ కుట్టినట్టు దుస్తులు కుట్టేవాళ్ళు బెజవాడలో లేరు మరి. పిల్ల అరమండిలో కూర్చోగానే ముందు కుచ్చిళ్ళు విసనకర్రలా విచ్చుకోవాలి. లేవగానే ఒక్క మడత చెదరకుండా మూసుకోవాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. అరంగేట్రాల కాలంలో తల్లులు ఆ మెట్ల మీదే కూర్చుని ఎదురుచూస్తుంటారు. ఆవిడ మాత్రం టీ తాగి గానీ కత్తెర పట్టదు.

రామతులసి కూచిపూడి పక్క పల్లెలో హనుమయ్య అనే చిన్న రైతు కూతురు. నాట్యం నేర్చుకునే స్తోమత లేక, నేర్చుకునేవాళ్ళ బట్టలు కుట్టడం నేర్చుకుంది. పామర్రు వైపు ఒక ఊరికి కోడలుగా వెళ్ళింది. వెళ్తూ కుట్టు మిషను కూడా తీసుకెళ్ళింది. భర్త మెతక మనిషి, పిల్లలు కలగలేదు. అత్తగారింటి పైన రెండు గదులు లేచాయి. ఆ గదులు ఎవరి కుట్టు కూలితో లేచాయో ఊరంతా తెలుసు. ఊరంతా తెలిసిన సంగతికి కాగితం ఎందుకని ఎవరూ అనుకోలేదు, రామతులసి కూడా అనుకోలేదు.

భర్త కామెర్లతో పోయాడు. కర్మకాండలు ముగిశాక అత్తగారు వసారాలో కూర్చుని, "ఇంక నీదేముందమ్మా ఇక్కడ?" అంది. పక్కనే మరిది నిలబడ్డాడు. పై గదుల సంగతి తెలిసిన ఊరు తల వంచుకుని నేల చూసింది. ఊరికి తెలిసింది ఊరి కడుపులోనే ఉండిపోయింది. రామతులసి మిషనుని ఆటోలో వేసుకుని బెజవాడ వచ్చేసింది. ఏడవలేదని కాదు. ఆటోలో ఏడ్చింది, కంకిపాడు దాటాక మానేసింది.

తారిక్ ఆవిడ బతుకులోకి కరెంటు పోవడం వల్ల వచ్చాడు. కుచ్చిళ్ళు నిలబడాలంటే ఆవిరి ఇస్త్రీపెట్టెలు కావాలి. రెండు పెట్టెలు ఒకేసారి పెడితే కొట్టంతా చీకటి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు, సెలవు రోజుల్లో పైపనులు చేస్తాడని ఎవరో చెబితే పిలిపించింది. అతను వచ్చి, మెయిన్ బోర్డు మూత తీసి, చాలాసేపు చూసి, "ఈ వైరింగ్ చేసినోడికి మీ మీద ఏవన్నా పగ ఉందాండీ?" అని అడిగాడు. రామతులసికి నవ్వొచ్చింది. చాలా కాలం తర్వాత వచ్చిన నవ్వు కావడం వల్ల అది ఆవిడకి గుర్తుండిపోయింది.

అతనికి భార్య పోయింది. జుబియా అని ఒక్కతే కూతురు. వించిపేటలో ఉండే తారిక్ అక్క అన్వరీ దగ్గర పెరుగుతోంది. కొట్టు వైరింగ్ బాగయ్యాక కూడా తారిక్ వస్తూనే ఉన్నాడు. మొదట ఫ్యాను, తర్వాత మిషను మోటారు, ఆ తర్వాత చెడిపోనివి కూడా బాగుచేయడం మొదలుపెట్టాడు. కొట్టులో రామతులసితోపాటు కుట్టే చెల్లెలి కూతురు అక్షయ, "పెద్దమ్మా, ఇంక చెడిపోవడానికి మనమే మిగిలాం" అంది. దాని నెత్తిన ఒక మొట్టికాయ వేసిందే గానీ, రామతులసి ఆ మాట కాదనలేదు.

కలిసి ఉందామనుకున్నారు. పెళ్ళి మాత్రం వద్దనుకున్నారు. పెళ్ళి మాటెత్తగానే రెండు వైపులవాళ్ళూ ఎదుటి మనిషిని మతం మారమంటారు. మారే ఉద్దేశం ఇద్దరికీ లేదు, మార్చే ఉద్దేశం అంతకన్నా లేదు. మారకుండా రిజిస్టరు పెళ్ళి చేసుకోవచ్చు, కానీ దానికి ముందుగా నోటీసు అంటిస్తారు. "ఆ నోటీసు చూసి బుద్ధులు చెప్పడానికి వచ్చేవాళ్ళందరికీ టీలు పొయ్యడం నా వల్ల కాదు" అంది రామతులసి. ఇలా ఉండడం ఆవిడకి హాయిగానే ఉంది. ఆ మాట అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పేది.

హాయిగా లేనిదల్లా అద్దె ఇళ్ళతోనే. ఇంటి ఓనరు ముందు మొహమంతా నవ్వు చేసుకుని తాళాలిస్తాడు. కొన్నాళ్ళకి రెండు పేర్లూ పక్కపక్కన వింటాడు. ఆ తర్వాత వాళ్ళబ్బాయి వస్తున్నాడనో, రంగులు వేయించాలనో, ఖాళీ చేయమంటాడు. అలా ఎన్ని ఇళ్ళు మారారో! ప్రతిసారీ ముందుగా సామాను సర్దేది తారిక్కే. "పోదాం పద తులసీ, గొడవెందుకు" అనేవాడు. అతని మంచితనం మీద రామతులసికి ప్రేమ ఎంత ఉందో, ఆ 'గొడవెందుకు' మీద కోపం అంత ఉండేది. కుక్కర్ని గోనెసంచిలో పెడుతూ ఒకసారి గట్టిగానే అంది. "ఇంకోసారి ఎవరన్నా నన్ను పొమ్మంటే నేను పోను. పోనక్కర్లేని ఇల్లు కొనుక్కుంటాను."

పోరంకిలో ఎప్పుడో చీటీ డబ్బుతో కొన్న చిన్న స్థలం ఆవిడకి ఉంది. కొన్నప్పుడు అక్కడ కంపచెట్లు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు దాని ధర వింటే ఆవిడే నమ్మలేకపోయింది. అది అమ్మేసింది. తారిక్ దగ్గర దాచుకున్న డబ్బు కొంత ఉంది. మిగతాది అతని జీతం మీద లోను తీసుకుంటే బెంజ్ సర్కిల్ దగ్గరే లిఫ్టూ వాచ్‌మనూ ఉన్న కొత్త ఫ్లాటు వస్తుంది. ఇద్దరూ మంచి బట్టలు కట్టుకుని బ్యాంకుకి వెళ్ళారు.

మేనేజరు మర్యాదస్తుడే. కాఫీ తెప్పించాడు. మ్యారేజ్ సర్టిఫికెట్ అడిగాడు. లేదని చెప్పాక, కాఫీ చల్లారేదాకా ఆలోచించి, "భార్యాభర్తలైతే జాయింటుగా ఇస్తామండీ. లేకపోతే కష్టం. సార్ ఒక్కరి పేరున ఫ్లాటు తీసుకోండి, లోను ఇచ్చేస్తాం. మేడమ్ గారు తన డబ్బు సార్‌కి ఇచ్చేస్తే సరిపోతుంది" అన్నాడు.

తారిక్ మొహం విప్పారింది. బయటికి రాగానే, "చూశావా, ఎంత సులువో! ముందు నా పేరున తీసుకుందాం. తర్వాత నీ పేరు ఎక్కిద్దాం" అన్నాడు.

ప్రతి మూడు రూపాయల్లోనూ రెండు రామతులసివి. ఇరవై ఏళ్ళు మెడ వంచి కుట్టిన కుట్టది. అది మళ్ళీ ఇంకొకరి గోడల్లోకి, ఇంకొకరి పేరు కిందకి పోవాలి. 'తర్వాత' అనే మాట ఆవిడ పామర్రు వైపు చాలాసార్లు విన్నది.

"వద్దు తారిక్" అంది.

"నా మీద నమ్మకం లేదా?"

"ఉంది."

"మరి మనిద్దరి మధ్య కాగితాలెందుకు?"

"ఎదిగే పిల్లల జాకెట్లకి లోపల రెండేసి వేళ్ళ బట్ట వదిలి కుడతాను. పైకి కనపడదు. పిల్ల ఒళ్ళు చేస్తే కుట్టు విప్పి వదులు చేస్తాను, లేకపోతే అలాగే ఉంటుంది. ఆ పిల్ల మీద అపనమ్మకంతో వదుల్తానా?"

"మనమేవన్నా ఎదిగే పిల్లలమా?"

"మారే మనుషులం. రేపు నీకు నేను నచ్చకపోవచ్చు. నాకు నువ్వు నచ్చకపోవచ్చు. నువ్వు పోతే మీవాళ్ళు నన్నేమంటారో నీకు తెలీదు, నేను పోతే మావాళ్ళు నిన్నేమంటారో నాకు తెలుసు."

తారిక్ నొచ్చుకున్నాడు. నొచ్చుకున్న మగవాడు రెండే పనులు చేస్తాడు. అరుస్తాడు, లేకపోతే త్యాగం చేస్తాడు. తారిక్‌కి అరవడం చేతకాదు. "అయితే మొత్తం నీ పేరునే పెట్టుకో. నాకేం వద్దు" అని తినకుండా పడుకున్నాడు. ఈ త్యాగం ఉంది చూశారూ, అరుపు కన్నా పెద్ద తలనొప్పి. అరుపుకి బదులు అరవొచ్చు, దీనికేం చేస్తాం? తెల్లారాక రామతులసి అతని ముందు ఇడ్లీ ప్లేటు పెట్టి చెప్పింది. "మొత్తం నా పేరున పెట్టుకుంటే మా అత్తగారికీ నాకూ తేడా ఏంటి? నీ వాటా నీది. అది జుబియాది కూడా. నాకొద్దు." తారిక్ ఇడ్లీ తిన్నాడు గానీ కోపం తగ్గలేదు.

ఆ కోపం అతన్ని వించిపేట దాకా తీసుకెళ్ళింది. అక్కడ అక్కతో ఏం చెప్పాడో, ఎంత చెప్పాడో, మర్నాడు మధ్యాహ్నం అన్వరీ ఆయాసపడుతూ కొట్టు మెట్లెక్కింది. అన్వరీ తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచిన మనిషి, జుబియానీ అలాగే పెంచింది. రామతులసితో ఎప్పుడూ గొడవ పడలేదు, అలాగని మనసు విప్పీ మాట్లాడలేదు. బురఖా సర్దుకుని కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, సూటిగానే మొదలుపెట్టింది.

"తులసమ్మా, మా తమ్ముడు నీళ్ళలాంటోడు. ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నెలో సర్దుకుంటాడు. ఇల్లంతా నీ పేరున రాస్తానంటున్నాడు. నీకు పుణ్యం ఉంటది, తండ్రి డబ్బు ఆ పిల్లకి దక్కకుండా చెయ్యకమ్మా."

రామతులసి సూది దించి మిషను ఆపింది. కోపం వచ్చింది, కానీ ఆ కోపం కన్నా ముందు ఒక రకమైన ఆనందం కలిగింది. తన తరపున ఇలా మెట్లెక్కి అడిగేవాళ్ళు ఆ రోజు అత్తగారి ఊళ్ళో ఒక్కరుంటే ఎంత బాగుండేది!

"ఆపా, రాస్తానన్నది మీ తమ్ముడు. వద్దన్నది నేను. ఆ సగం మాట మీకు చెప్పలేదా?"

"ఎందుకు వద్దన్నావ్?"

"నా డబ్బు ఒకళ్ళ గోడల్లో కలిసిపోయింది ఆపా. ఇంకొకళ్ళది నా గోడల్లో కలుపుకుంటే నాకు నిద్ర పట్టదు. రెండు వంతులు నావి, ఒక వంతు మీవాడిది. అట్లా రాయించమంటున్నాను. దానికే అలిగాడు."

అన్వరీ ఫోను తీసి తమ్ముడికి చేసి, ఉర్దూలో ఏదో దడదడలాడించింది. రామతులసికి అందులో అర్థమైనవి రెండే మాటలు, 'గాడిద' అన్నదీ, 'తులసి' అన్నదీ. మొదటిది తనది కాదని స్వరాన్ని బట్టి తెలుస్తూనే ఉంది. అక్షయ టీ తెచ్చింది. వెళ్తూ వెళ్తూ అన్వరీ గోడకి వేలాడుతున్న ఎర్ర పట్టు కుచ్చిళ్ళని వేలితో తాకి, "ఇవి ఇట్లా ఎట్లా నిలబడతాయి?" అని అడిగింది. అదే ఇద్దరి మధ్య మొదటి సొంత మాట.

మొహమాటానికి పోతే ఏమవుతుందో తెలుగులో ఒక సామెత ఉంది. అది ఇక్కడ రాసేది కాదు, తెలియనివాళ్ళు ఇంట్లో ముసలమ్మల్ని అడగొచ్చు. రామతులసికి ఆ సామెత బాగా తెలుసు. అందుకే తారిక్‌ని వెంటబెట్టుకుని తిన్నగా లాయరు స్టెల్లా దగ్గరికి వెళ్ళింది. స్టెల్లా గారి అమ్మాయి అరంగేట్రానికి బట్టలు కుట్టింది ఈవిడే. లిఫ్టున్న ఫ్లాటు వదిలేశారు. లోను అక్కర్లేకుండా, పటమటలో పాత అపార్టుమెంటులో సీతమ్మ అనే పెద్దావిడ అమ్ముతున్న మూడో అంతస్తు ఇల్లు చూసుకున్నారు. తారిక్ పీఎఫ్‌లోంచి కొంత తీశాడు.

స్టెల్లా గారు అంతా విని, "రెండు పేర్లూ రాసి వాటాలు రాయకపోతే చెరి సగమనే అనుకుంటారు. కాదని తర్వాత నిరూపించుకోవడం మీ తిప్పలు. కాబట్టి వాటాలు దస్తావేజులోనే రాయిద్దాం. ఎవరి డబ్బు వాళ్ళ ఖాతాలోంచే చెక్కు రూపంలో అమ్మేవాళ్ళకి వెళ్ళాలి. ఒకరు ఇంకొకరి చేతికివ్వడాలు పెట్టుకోకండి" అంది. "ఇంకో ఒప్పందం విడిగా రాసుకోండి. విడిపోతే ఏం చేస్తారు?"

తారిక్ పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. రామతులసి చెప్పింది. "పోదామనుకున్నవాళ్ళు వాళ్ళ వాటా ముందు రెండోవాళ్ళకే అమ్మాలి. అప్పటి రేటుకి. రెండోవాళ్ళు కాదంటేనే బయటివాళ్ళకి."

"అప్పటి రేటుకే. కొన్న రేటుకి కాదు" అన్నాడు తారిక్ ఉన్నట్టుండి. "తులసి నష్టపోకూడదు."

"నువ్వూ పోకూడదు" అంది రామతులసి. "ఇంకోటి మేడమ్. ఈయన డబ్బు ఒక వంతుకి కొంచెం తక్కువ పడుతోంది. ఇల్లంతా కొత్త వైరింగ్ ఈయనే చెయ్యాలి. ఆ కూలి కూడా ఈయన పెట్టిన డబ్బే కదా. దాంతో వంతు నిండుతుంది. అది రాయండి."

తారిక్ తల తిప్పి ఆవిడ వంక చూశాడు. బ్యాంకు మెట్లు దిగినప్పటి నుంచీ అతను ఆవిడ వంక సరిగా చూసింది అప్పుడే. ఈ మనిషి లెక్క తన కోసమే కాదు, అతని కోసం కూడా కడుతోందని అప్పుడు గానీ అతనికి తలకెక్కలేదు.

స్టెల్లా గారు కలం పక్కన పెట్టింది. "తులసి గారూ, మీకు ఇష్టం లేని మాటొకటి చెప్పాలి. మీరు వీలునామా రాయకుండా పోతే, పిల్లలు లేరు కాబట్టి, ఈ ఇంట్లో మీ వాటా మీ చనిపోయిన భర్త తరపు వాళ్ళకి పోతుంది."

"ఎవరికి?"

"మీ అత్తగారు వాళ్ళకి. చట్టం అంతే."

తనని మిషనుతో సహా ఆటో ఎక్కించినవాళ్ళకి! తన చెమట రెండోసారి కూడా వాళ్ళ ఇంటికే నడుచుకుంటూ పోతుందట! "మేడమ్, వీలునామా ముందు రాయండి. ఇల్లు తర్వాత కొందాం" అంది రామతులసి. ముగ్గురూ నవ్వారు గానీ ఆవిడ నిజంగానే అంది. తన వాటా తన తర్వాత అక్షయకి, తారిక్ బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు అతనికి. తారిక్ వాటా జుబియాకి, రామతులసి బతికున్నంత కాలం ఉండే హక్కు ఆవిడకి. గుంటూరులో ఫార్మసీ చదువుతున్న జుబియా వచ్చి, అంతా చదివి, తనకి సమ్మతమేనని సంతకం పెట్టింది. "అబ్బాజాన్ కన్నా మీరే నయం ఆంటీ, ఆయనైతే మాటల్తో సరిపెట్టేవాడు" అని కూడా అంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ఉండే దస్తావేజు రైటరు దగ్గర చిత్తుప్రతి తయారైంది. తారిక్ ముందుగా వెళ్ళి చదివి, "అంతా బాగుంది" అని ఫోను చేశాడు. రామతులసి వచ్చి కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి పేజీలోనే ఆగిపోయింది. కొనేవారి పేర్ల దగ్గర, 'షేక్ తారిక్ గారి భార్య రామతులసి' అని ఉంది.

"రైటరు గారూ, ఇదేంటండీ?"

రైటరు పెద్దమనిషి. గొంతు తగ్గించి, "లోపల పదిమందిలో చదువుతారమ్మా. ఆడవాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందని నేనే అట్లా రాశాను. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. పాపం, మర్యాద కోసమే చేశాడు. మన వైపు సగం కొంపలు మర్యాద కోసమే మునుగుతాయి.

రామతులసి తారిక్ వైపు తిరిగింది. "నువ్వు చదివావుగా?"

తారిక్ చొక్కా గుండీ సవరించుకున్నాడు. "చదివాను."

"మరి?"

"బాగుందనిపించింది తులసీ. నీ పేరు అట్లా చూడ్డం... కొట్టెయ్యమని చెప్పబుద్ధి కాలేదు."

ఆ క్షణంలో రామతులసి ఆ మనిషిని ఎంత ప్రేమించిందో అంతకు ముందెప్పుడూ ప్రేమించలేదు. ఉంచేద్దామా అని కూడా అనిపించింది. ఒక్క మాటే కదా. కానీ అబద్ధం మొదటి పేజీలో ఉంటే మిగతా పేజీలకి విలువేముంటుంది? రేపు ఎవడో వచ్చి పెళ్ళెప్పుడయింది, సాక్షులెవరు అంటే, ఆ ఒక్క మాటతో పాటు రెండు వంతులూ, ఒక వంతూ అన్నీ తగాదాలో పడతాయి.

"నాకూ బాగుంది" అంది మెల్లిగా. "ఇంట్లో చెప్పుకుందాం. ఇక్కడ మాత్రం హనుమయ్య గారి కుమార్తె అని రాయండి."

రైటరు గొణుక్కుంటూ మార్చాడు. మధ్యాహ్నానికి వేలిముద్రలు, ఫోటోలు, సంతకాలు అయిపోయాయి. లోపల చదివినప్పుడు పదిమందీ విన్నారు. ఎవరి మిన్నూ విరిగి ఎవరి మీదా పడలేదు. ఇంట్లో పాలు పొంగించింది సీతమ్మ గారే. ఆ ఇంటి పొయ్యి గాలి సంగతి తనకే తెలుసని పట్టుబట్టి మరీ పొంగించింది.

ఇల్లు వాళ్ళకి బాగా కుదిరింది. మెట్లెక్కడం కొంచెం కష్టమే. అసోసియేషన్ వాళ్ళు మొదట గుసగుసలాడారు. తర్వాత తారిక్ నీళ్ళ మోటారు బాగుచేయడంతో మానేశారు. ఆ మూడో ఏడు రామతులసికి గర్భసంచి ఆపరేషను అయింది. పెద్దదేమీ కాదు గానీ కుట్లు ఆరేదాకా మంచం దిగొద్దన్నారు. అన్వరీ రోజూ క్యారేజీ పంపేది. 'పెద్ద జబ్బట' అన్న మాట మాత్రం ఎట్లా పాకిందో పామర్రు దాకా పాకింది.

ఒక ఆదివారం పొద్దున్నే కాలింగ్ బెల్లు మోగింది. పడకగదిలో పడుకున్న రామతులసికి హాల్లోంచి గొంతు వినపడింది. ఆ గొంతు మారలేదు. మరిది. వెంట ఊరి పెద్ద ఒకాయన ఉన్నాడు.

"మా వదిన ఇల్లండీ ఇది. మా అన్న పోయినా ఆవిడ మా ఇంటి మనిషే. ఆవిడ తదనంతరం ఎవరికి వస్తుందో లాయర్ని అడిగే వచ్చాం. ఇంతకీ మీరెవరు? మీకిక్కడేం పని? మర్యాదగా సామాను సర్దుకోండి."

రామతులసికి మరిది అంటే భయం ఎప్పుడో పోయింది. ఆవిడ భయమంతా తారిక్ గురించే. ఆ మనిషి ఇప్పుడు లేస్తాడు, చెప్పులు వేసుకుంటాడు, 'గొడవెందుకు' అంటాడు. జీవితమంతా పొమ్మన్న చోటునుంచి పోయిన మనిషి. లేవబోయింది, కుట్లు చురుక్కుమన్నాయి. తలగడ పట్టుకుని చెవులు రిక్కించింది.

కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ముందు కూర్చోండి" అన్నాడు తారిక్. గొంతు తొణకలేదు. "టీ పెడతాను. ఈ ఇంట్లో మూడింట ఒక వంతు నాదండీ, రిజిస్టరై ఉంది. మిమ్మల్ని ఇప్పుడు నా వంతులో కూర్చోబెట్టాను. మిగతా రెండు వంతుల సంగతి మాట్లాడాలంటే నన్నడిగి లాభం లేదు. ఆవిణ్ణే అడగాలి. ఆవిడ లేచేదాకా ఎంతసేపైనా కూర్చోండి, నా వంతులో ఎవరూ మిమ్మల్ని పొమ్మనరు."

రామతులసికి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే కుట్లు లాగుతున్నాయి, నవ్వకపోతే కన్నీళ్ళు వస్తున్నాయి. రెండూ ఒకేసారి కానిచ్చి, గోడ పట్టుకుని లేచింది. ఒక్కో అడుగే వేసుకుంటూ గడప దగ్గరికి వచ్చి నిలబడింది. మరిది జుట్టు నెరిసింది. పక్కనున్న పెద్దాయన అప్పుడూ నేల చూసినవాడే, ఇప్పుడూ నేలే చూస్తున్నాడు.

"వదినా, నీ మంచికోరే వచ్చాం. అసలీయన నీకేమవుతాడు?"

రామతులసి తారిక్ వంక చూసింది. అతను టీగిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చెప్పులైతే వేసుకోలేదు.

"నేను పొమ్మన్నా ఆయన పోనక్కర్లేదు" అంది. "ఆయన పొమ్మన్నా నేను పోనక్కర్లేదు. ఎవరికీ ఎవరితో ఉండి తీరాల్సిన అవసరం లేదు. అయినా ఇద్దరం ఇక్కడే ఉంటున్నాం. ఏమవుతాడో నువ్వే చెప్పు."

పెద్దాయన ముందుగా లేచాడు. తారిక్ మాత్రం, పాలు కాగాయి, తాగి వెళ్ళండి అని ఇద్దర్నీ మళ్ళీ కూర్చోబెట్టాడు.